తుండుగుడ్డ కింద ఇంగ్లీషు

రఫ్ అంటే ఆవు నాలుక. కోర్స్ అంటే కురబలకోట కంబళి. స్టికీ అంటే బెల్లప్పాకం, స్లిపరీ అంటే తడి సబ్బుబిళ్ళ, గ్రిట్టీ అంటే రాళ్ళు సరిగ్గా ఏరని రాగులతో చేసిన సంగటి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఇంగ్లీషు మాటల్లో ఏది చెవిన పడినా ముందు నా కుడిచేతి వేళ్ళకు ఆ వస్తువు తగులుతుంది, అర్థం ఆ వెనక మెల్లగా వస్తుంది. నాతో పనిచేసిన నర్సుల్లో కొందరు ఇంగ్లీషును పుస్తకాల్లో చదివారు, కొందరు పెద్ద సిస్టర్ల నోట విని పట్టుకున్నారు. నేను చేత్తో నేర్చుకున్నాను, అదీ ఒక పాత తుండుగుడ్డ కింద చెయ్యి పెట్టి.

ఆ తుండుగుడ్డ మా నాయనది. ఆయన పుంగనూరు చుట్టుపక్కల సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. చెప్పుకోవడానికి మాకు కొంచెం మెట్ట పొలం ఉండేది. వాన పడితే వేరుసెనగ, పడకపోతే ఆకాశం వైపు చూడ్డం. డెబ్భైలలో ఎక్కువ ఏళ్ళు ఆకాశం వైపు చూడ్డంతోనే సరిపోయింది. అందుకని ఇల్లు గడిచింది సంతల మీదే.

ఎద్దుల బేరం నోటితో జరగదు. దళారి కొనేవాడితో ఒకసారి, అమ్మేవాడితో ఒకసారి చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పుతాడు. లోపల ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో వాళ్ళకు తెలుసు. చుట్టూ మూగినవాళ్ళకు గుడ్డ కదలడం కనిపిస్తుంది కానీ లోపలి మాట అందదు. బేరం కుదిరితే ఎదుటివాడి అరచేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేస్తారు. అంతసేపూ పైన మొహాలు మాత్రం వానల గురించో, పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుతుంటాయి. మా నాయన ఆ పని చేసీ చేసీ, దేన్నయినా కంటితో చూసి నమ్మే అలవాటే పోగొట్టుకున్నాడు. అంగడిలో వంకాయలు కొన్నా గంపలో చెయ్యి పెట్టి, తల పక్కకు తిప్పుకుని, తడిమి ఏరేవాడు. మా అమ్మ దానికి నెత్తి కొట్టుకునేది.

నేను పదో తరగతి రెండో దండయాత్రలో గట్టెక్కాను. మొదటిసారి ముంచింది ఇంగ్లీషే. పాసయ్యాక కొన్నాళ్ళు పొలంలో పడ్డాను. వేరుసెనగ చెట్లు పీకడం, కాయలు దూయడం, మళ్ళీ పీకడం. పెళ్ళీడు పిల్లనై ఉండి కూడా పొద్దుగూకేసరికి ముసలమ్మలా గోడ పట్టుకుని లేచేదాన్ని. అప్పట్లో ఒకసారి మా అమ్మకు జ్వరమొస్తే మదనపల్లెలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఒక నర్సు తెల్లచీర కట్టుకుని, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఏదో రాసుకుంటూ కనిపించింది. ఆ కుర్చీ నా మనసులో పడిపోయింది. సేవ అనీ, దయ అనీ తర్వాత చాలామంది నాకు అంటగట్టారు కానీ, నేను నర్సు కావాలనుకున్నది ఆ కుర్చీ కోసం. అందులో కూర్చునే తీరిక మాత్రం నా ఉద్యోగం మొత్తంలో నాకు పెద్దగా దొరకలేదు.

ఆ ఆసుపత్రిలోనే ఆడపిల్లలకు నర్సు ట్రైనింగు ఇస్తారని తెలిసింది. సీటు వస్తే మదనపల్లె, రాకపోతే బైరెడ్డిపల్లె అని ఇంట్లో మాటయింది. బైరెడ్డిపల్లెలో మా మేనమామ ఉండేవాడు, భార్య పోయి రెండేళ్ళయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన పొలంలో నా కోసం కాచుకుని ఉన్న వేరుసెనగ చెట్లను తలచుకుంటేనే నా నడుము పట్టేసేది, అంతే. దీని గురించి ఇంట్లో ఎవరమూ గొడవపడలేదు. ఆ కరువు రోజుల్లో మాలో ఎవరికీ గొడవపడే ఓపిక లేదు.

అంతకుముందు ఏడాది ఇంటర్వ్యూకు పోయొచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్పింది. అక్కడి మేట్రన్‌ది మలయాళ దేశం, తెలుగు ముక్క రాదు. ఒక ట్రేలో ఏవేవో వస్తువులు పెట్టుకుని కూర్చుంటుంది. ఒక్కొక్కటే ముట్టుకోమని, చేతికి ఎలా ఉందో ఇంగ్లీషులో చెప్పమంటుంది. రోగి చర్మం ఎలా ఉంది, గడ్డ గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని నర్సే డాక్టరుకు చెప్పాలి కదా, అందుకట. ఆ అమ్మాయి అన్నిటికీ గుడ్ అని చెప్పి ఇంటికి వచ్చేసింది.

మా ముందుగదిలో హైస్కూలు ఇంగ్లీషు టీచరమ్మ అద్దెకు ఉండేది. గుంటూరు వైపు మనిషి. స్కూలు నుంచి వచ్చీ రాగానే నుదుటికి అమృతాంజనం పట్టించి, తలకు గుడ్డ కట్టుకుని పడుకునేది. మా నాయన బతిమాలితే సాయంత్రం పూట నాకు చెప్పడానికి ఒప్పుకుంది. రఫ్ అంటే గరుకు, అను. కోర్స్ అంటే గరుకు, అను. హార్ష్ అన్నా గరుకే, అను. ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పేది, నేను ఆవలిస్తూ అనేదాన్ని. తెల్లారేసరికి అన్నీ కలిసి ఒకే గరుకయ్యేవి. మూడు మాటలకూ ఒకే అర్థమైతే మూడెందుకు అని ఒకరోజు విసుక్కున్నాను. ఆవిడ కూడా విసుక్కుంది. ఇద్దరం అలసిపోయి ఉన్నాం, ఒకరి మీద ఒకరికి జాలి కూడా కలగలేదు.

మా నాయన అరుగు మీద కూర్చుని ఇదంతా వింటూ ఉన్నాడు. లేచి లోపలికి వచ్చాడు.

"సరుకు సూపియ్యకుండా బేరం సెప్తే ఎవురు కొంటారు టీచరమ్మా? దాని సేతికియ్యండి," అన్నాడు.

భుజం మీది తుండుగుడ్డ తీసి నా ముందు పరిచాడు. పెరట్లోకి పోయి ఏదో తెచ్చి గుడ్డ కింద పెట్టి, నా చెయ్యి లోపలికి తోసి, తన చెయ్యి కూడా పెట్టాడు. తెచ్చింది గొడ్డలి నూరే సానరాయి ముక్క. టీచరమ్మ తలకట్టు సర్దుకుని లేచి కూర్చుంది. రఫ్, అంది. మా నాయన పైకి గోడ వైపు చూస్తూ తలాడించాడు, సంతలో ఆడించినట్టే. తర్వాత మూలనున్న కంబళి అంచు గుడ్డ కిందికి లాగాడు. ఆవిడ ముట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి, ఇది కోర్స్, అంది. రాయి గీరుతుంది. కంబళి గీరదు, దాని పోగు లావు, అంతే. నాకు ఆ సాయంత్రం మొదటిసారి రెండు గరుకులు వేరువేరుగా కనిపించాయి. కంటికి కాదు లెండి, వేళ్ళకు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి అయిపోయింది. వస్తువులు తెచ్చేది మా నాయన, మాట చెప్పేది టీచరమ్మ, గుడ్డ కింద చేతులు మా ఇద్దరివీ. ఆయన చెయ్యి ఎందుకంటే, ఒక చేత్తో బేరం జరగదనేవాడు. మురుకు విరిస్తే క్రిస్ప్, ఎండిన కందికట్టె విరిస్తే బ్రిటిల్. రెండూ టపుక్కుమనే విరుగుతాయి కదా అని నేనంటే, మురుకు విరిగితే బాగుంటుంది, కట్టె విరిగితే బాగుండదు, అదే తేడా అంది టీచరమ్మ. ఆ మాట ఏ పుస్తకంలోనూ దొరకదు కానీ నాకు సరిపోయింది. ఉండలు కట్టిన సంగటి లంపీ. నానిన బెండముక్క స్లైమీ. పట్టుగూడు తేలిగ్గా, కాస్త గరగరగా ఉంటే దానికి ఏ మాట చెప్పాలో తెలియక ఆవిడ డిక్షనరీ తిరగేసి, చివరికి అలసిపోయి, పేపరీ అనుకో, అంది. మా అమ్మ చింతపండు, బెల్లం, జల్లెడ కనబడక వంటింట్లోంచి గొణిగేది. ఆ వస్తువులన్నీ గుడ్డ కింద ఇంగ్లీషు నేర్చుకుంటూ ఉండేవి.

వెల్వెటీ అన్న మాట వచ్చినప్పుడు మా నాయన ఒక సాయంత్రమంతా ఆలోచించాడు. మర్నాడు మా పొట్టి ఆవు ఈనిన దూడను ఎత్తుకొచ్చి నడవలో నిలబెట్టి, దాని చెవి మీద తుండుగుడ్డ కప్పాడు. దూడ నా కొంగు నములుతూ ఉంది. టీచరమ్మ దూడ చెవి ముట్టుకుని చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఆవిడ మా ఇంట్లో నవ్వగా చూసింది నేను అప్పుడే.

మా నాయనకు చదువు వేలిముద్ర దగ్గరే ఆగిపోయింది. ఆయన ఆ మాటలు ఒక్కటి కూడా పైకి అనేవాడు కాదు. అడిగితే, నాకెందుకమ్మా అనేవాడు. కానీ నేను తప్పు చెప్తే గుడ్డ కింద నా చిటికెన వేలు పట్టి లాగేవాడు. అంటే ఆయనకు అన్నీ వచ్చేశాయన్నమాట. సంతలో తిరిగి తిరిగి కాళ్ళు వాచి ఇంటికి వచ్చిన మనిషి, అన్నం కూడా తినకుండా ఆ గుడ్డ పరిచి కూర్చునేవాడు. ఆయన కోసమైనా సీటు రావాలని నాకు పట్టుదల కలిగింది.

ఇంటర్వ్యూ రోజు మదనపల్లెకు పొద్దున్నే బస్సెక్కాం. కట్టుకున్నది అమ్మ చీర. వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నన్ను పిలిచేసరికి మా నాయన గోడకు తలానించి నిద్రపోతున్నాడు. లేపలేదు.

మేట్రన్ నెరసిన జుట్టుతో, ఇస్త్రీ చెడని బట్టల్లో కూర్చుని ఉంది. పక్కన మాటలు తెలుగులో చెప్పడానికి ఒక క్లర్కమ్మ ఉంది. మేట్రన్ ట్రే మీద గుడ్డ తీసేసింది. నా పాట్లు అక్కడే మొదలయ్యాయి. దూది, రబ్బరుషీటు, స్పాంజి, ఉప్పు, ఇంకేవో అన్నీ బయటపడి కనబడుతున్నాయి. ముట్టుకున్నాను. చేతికి ఏమీ తోచలేదు. కంటికి కనబడుతున్నంతసేపూ నా వేళ్ళు మూగబోయాయి. ఏం చెయ్యాలో తెలియక, అలవాటుగా, కొంగు తీసి ఆ వస్తువు మీద కప్పి దాని కింద చెయ్యి పెట్టాను. మాట వెంటనే వచ్చింది. స్పాంజీ, అన్నాను. కొంగు జరిపాను. గ్రిట్టీ. మళ్ళీ జరిపాను. స్మూత్, సాఫ్ట్, కోర్స్. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

తలెత్తి చూస్తే మేట్రన్ మొహం మారిపోయి ఉంది. ఆవిడ ఏదో అడిగింది. ముట్టుకోవడానికి నీకు అసహ్యమా అని అడుగుతున్నారు అని క్లర్కమ్మ చెప్పింది. నాకు ముందు అర్థమే కాలేదు. అర్థమయ్యాక ఉన్న ఇంగ్లీషు కూడా పోయింది. మా వైపు అప్పట్లో, ఇంకా ఆ తర్వాత కూడా, కొందరికి ఏదైనా ఇవ్వాలన్నా పుచ్చుకోవాలన్నా మధ్యలో గుడ్డ అడ్డం పెట్టుకునే పెద్దమనుషులు ఉండేవాళ్ళు. ఆవిడ అలాంటివి చూసే ఉంటుంది. మనిషిని ముట్టుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకునే పిల్ల నర్సుగా పనికిరాదని ఆవిడ అనుకుంటే అందులో తప్పేముంది? నేను కాదు, కాదు అని తెలుగులో అన్నాను. సంత అన్నాను, ఎద్దులు అన్నాను. క్లర్కమ్మ దాన్ని ఏమని తిప్పి చెప్పాలో తెలియక ఊరుకుంది.

చివర్లో మేట్రన్ లేచి నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని, క్లర్కమ్మ వైపు తిరిగి, క్లామీ, అంది. ఆ మాట నాకు రాదు. గుడ్డ కింద అది ఎప్పుడూ దొరకలేదు.

తిరుగు బస్సులో ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఎండగాలి కిటికీలోంచి మొహాన కొడుతోంది. జరిగిందంతా మా నాయనకు చెప్పాను.

"కడాకి ఏమనిందమ్మా ఆయమ్మ?" అని అడిగాడు.

క్లామీ అందని చెప్పాను. ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసి మా ఇద్దరి ఒళ్ళో పరిచి, దాని కింద నా చెయ్యి పట్టుకున్నాడు. తడిమి తడిమి చూశాడు. అప్పటికి నా చెయ్యి ఆరిపోయింది.

"ఏమీ లేదే. మామూలుగానే ఉండాది," అన్నాడు.

ఇంటికి వచ్చాక టీచరమ్మను అడిగాం. భయపడినప్పుడో, ఒంట్లో బాగాలేనప్పుడో చెమటపట్టి, చల్లబడి, కాస్త అంటుకుంటున్నట్టు ఉంటుంది చూడు, అదీ అని చెప్పింది. మా నాయనకు చెబితే చాలదు కదా. సరుకు కోసం బయలుదేరాడు. నీళ్ళకుండ బయటి తడి తెచ్చాడు, అంటే కుండనే తెచ్చాడు. అది డ్యాంప్ అంది ఆవిడ. కలిపిన రాగిపిండి ముద్ద చల్లని నీళ్ళలో ముంచి తెచ్చాడు. అది స్టికీ. అరటి బోదె లోపలి పొర తెచ్చాడు. అది మాయిస్ట్. ఒక రోజు బావి దగ్గర కప్పను పట్టుకొచ్చి గుడ్డ కింద పెట్టాడు, ఏమిటో ముందు చెప్పలేదు. టీచరమ్మ మూడు రోజులు మాకు పాఠం చెప్పలేదు.

నాలుగో రోజు ఆవిడే వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"దానికి వస్తువు దొరకదండీ. అది మనిషి ఒంటికే ఎక్కువగా వాడతారు. మనిషి బాగున్నంతకాలం ఆ మాట అవసరం రాదు."

మా నాయన ఒప్పుకున్నాడు కానీ మర్చిపోలేదు. సరుకు లేని మాట అని దానికి పేరు పెట్టుకున్నాడు. అమ్మకు జ్వరం వస్తే నుదురు తాకి, ఇది కాదులే అనేవాడు. నాకు నవ్వొచ్చేది, ఆ తర్వాత కోపం వచ్చేది. సీటు పోయింది నాది, ఈయన మాట వెతుక్కుంటున్నాడు అనిపించేది.

ఆ ఏడంతా మళ్ళీ వేరుసెనగ చెట్లే. వాన కాస్త పడింది, అందుకని పని ఇంకా ఎక్కువైంది. బైరెడ్డిపల్లె మామ రెండుసార్లు కబురు పెట్టాడు. మా నాయన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి వెనక్కి పంపాడు. ఒకసారి ఆషాఢం అన్నాడు, ఒకసారి ఎద్దు చచ్చిపోయింది అన్నాడు. నిజానికి మాకు చావడానికి ఎద్దులే లేవు. టీచరమ్మకు ట్రాన్స్‌ఫర్ వచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు దూడను చూసి వెళ్ళింది. గుడ్డ కింద పాఠాలు మేమిద్దరమే సాగించాం. ఆయన వస్తువు పెట్టేవాడు, నేను మాట చెప్పేదాన్ని, తప్పయితే చిటికెన వేలు లాగేవాడు. ఆ ఏడు సీటు రాకపోతే ఇక కబుర్లు వెనక్కి పంపడం కుదరదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎప్పుడూ ఎత్తుకోలేదు.

రెండోసారి వెళ్ళే రోజు బస్సు దిగాక నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ తూరి కొంగు కప్పద్దు పాపా, నడుములో దోపుకో. కండ్లు మూసుకో, సాలు. కంటికి కప్పినా ఒకటే, సేతికి కప్పినా ఒకటే."

అలాగే చేశాను. మేట్రన్ నన్ను గుర్తుపట్టింది. నేను ఉత్త చేత్తో ఒక్కొక్కటే ముట్టుకుని, కళ్ళు మూసుకుని మాటలు చెప్పాను. కళ్ళు ఎందుకు మూసుకుంటున్నావని అడిగింది. ఏడాదంతా కూడబెట్టుకున్న ఇంగ్లీషు అప్పుడు బయటికి తీశాను. మై ఫాదర్, కౌ మార్కెట్, క్లాత్, హ్యాండ్ ఇన్‌సైడ్, నోబడీ సీ. మిగతాది క్లర్కమ్మ అందుకుంది, ఆవిడది కూడా సంతలున్న ఊరే అనుకుంటాను. మేట్రన్ చివరిదాకా వింది. తర్వాత తీసేసిన గుడ్డను తనే మళ్ళీ ట్రే మీద కప్పి, ట్రేను నా వైపు జరిపింది. ఆ ఏడు నాకు సీటు వచ్చింది. మా మామ వేరే సంబంధం చేసుకున్నాడు, ఆ పెళ్ళికి నేను పోయి వడ్డించాను కూడా.

ట్రైనింగులో నాకు బాగా గుర్తున్నది కాళ్ళనొప్పులే. పగలంతా వార్డులో నిలబడి, రాత్రి హాస్టల్లో గోడకు కాళ్ళు ఆనించుకుని పడుకునేవాళ్ళం. మా నాయన పెట్టిన మాటలన్నీ అక్కడ మనుషుల ఒళ్ళ మీద కనిపించాయి. స్కేలీ, డ్రై, లంపీ, రఫ్. ఆ సరుకు లేని మాట కూడా తొందరలోనే దొరికింది. ఒక ముసలాయన చెయ్యి పట్టుకున్నప్పుడు దొరికింది, సాయంత్రానికి ఆయన మంచం ఖాళీ అయింది. ఆ తర్వాత చాలా చేతులు దొరికాయి. టీచరమ్మ చెప్పింది నిజమే.

సెలవుకు ఇంటికి పోయిన ప్రతిసారీ మా నాయన అదే అడిగేవాడు. తిండి సరిగ్గా తింటున్నావా అని అమ్మ అడిగితే, ఆ మాట దొరికిందా అమ్మా అని ఆయన అడిగేవాడు. ఇంకా లేదు నాయనా అనేదాన్ని. దొరికిందంటే గుడ్డ పరుస్తాడు. దాని కింద నేనేం పెట్టాలి? ఆ చేతులు నేను ఇంటికి తెచ్చి ఆయన చేతిలో పెట్టదలచుకోలేదు. ఉద్యోగం వచ్చాక కూడా ఆయన అడగడం మానలేదు, నేను లేదనడం మానలేదు. అది మా ఇద్దరి మధ్య ఒక వేళాకోళంగా స్థిరపడిపోయింది.

ఎనభైలలో నాకు కుప్పంలో ఉద్యోగం. అటు తమిళం, ఇటు కన్నడం, మధ్యలో మా తెలుగు. ఒకే మంచం మీది రోగి మూడు భాషల్లో మూలిగేవాడు. డాక్టరు కుర్రాయన, కన్నడం మనిషి, తెలుగు అంతంత మాత్రం. మేమిద్దరం రోగి ముందే, రోగి గురించే, ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. చుట్టాలు మా పెదాల వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. బతుకుతాడా బతకడా అన్న మాట వాళ్ళ తలల మీదుగా పోయేది, వాళ్ళకు అందేది కాదు. మొహాలు మాత్రం మామూలుగా పెట్టుకునేవాళ్ళం. సంతలో తుండుగుడ్డ చేసే పనే మాకు ఇంగ్లీషు చేసేది. కొన్నేళ్ళకు నాకు అది అలవాటైపోయి, అలా మాట్లాడుతున్నానన్న ధ్యాస కూడా పోయింది. ఒళ్ళు అలిసిపోతే మనసుకు కూడా ధ్యాస తగ్గుతుంది.

ఒక వేసవిలో మా నాయన నన్ను చూడ్డానికి పుంగనూరు నుంచి బస్సులు మారుతూ వచ్చాడు. చేతిసంచిలో సెనక్కాయలు, భుజాన ఆ తుండుగుడ్డ. అప్పటికి సంతలు మానేశాడు. ఆసుపత్రి గేటు దగ్గర రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయాడని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చెప్పాడు. నేను డ్యూటీలో ఉన్నాను. నా వార్డులోకే తెచ్చాం, నేనే పడుకోబెట్టాను, చొక్కా గుండీలు నేనే తీశాను. నుదుటి మీద చెయ్యి వేసినప్పుడే నాకు తెలిసిపోయింది. ఎందరి నుదుళ్ళో ముట్టుకున్న చెయ్యి అది. నాకు తెలియకుండా ఉంటే బాగుండునని ఆ ఒక్కరోజే అనిపించింది.

డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టమని చెబుతూ, నాడి చూస్తూ, తల ఎత్తకుండానే అలవాటుగా అడిగాడు.

"స్కిన్, సిస్టర్?"

మా నాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెయ్యి నా చేతిలో ఉంది. వేరే మాట చెప్పి ఉండొచ్చు. కోల్డ్ అనొచ్చు, మాయిస్ట్ అనొచ్చు, డ్యాంప్ అనొచ్చు. అవి కూడా ఆయనకు వచ్చు. నా దగ్గరున్న ఇంగ్లీషంతా ఆయనా నేనూ ఒకే గుడ్డ కింద నేర్చుకున్నదే, ఆ మంచం దగ్గర నా మాట దాచుకోవడానికి నాకు వేరే భాష లేదు. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే మందు తేడా వస్తుంది. చెప్పాను.

"క్లామీ, సార్."

డాక్టరు ఇంజెక్షన్ పేరు చెప్పి గబగబా అవతలికి వెళ్ళాడు. మా నాయన కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు. భయపడినట్టు లేదు, సంత ముగిశాక అరుగు మీద కూర్చున్నప్పుడు ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు.

"దొరికిండాదే అమ్మా, ఆ మాట," అన్నాడు.

దొరికింది నాయనా అన్నాను. ఎప్పుడో దొరికిందని చెప్పలేదు. ఆయన ఎడమచేత్తో తలగడ పక్కన తడుముకుంటుంటే ఏం కావాలో నాకు అర్థమైంది. తుండుగుడ్డ తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. వార్డులో అందరూ చూస్తున్నారు. ఆయన నా వేళ్ళన్నీ ఒక్కసారి తడిమి, నా అరచేతిని తన అరచేతికి ఆనించుకుని, ఆ చల్లదనం, ఆ తడి, ఆ అంటుకోవడం నాకు తెలిసేదాకా ఆగాడు. పాఠం సరిగ్గా అందిందో లేదో చూసుకుంటున్నట్టే ఉంది. బెంగళూరు రైలు కూత వినిపించింది. తర్వాత నా అరచేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేశాడు.

బేరం కుదిరితే అలాగే చేస్తారు. నేను మాత్రం వదల్లేదు.